గుండె కణంలో కాల్షియం ఛానళ్ల అమరిక: కొలత తప్పకుండా మోడల్ కట్టే పద్ధతి

గుండె కండర కణంలో కాల్షియాన్ని వదిలే ఛానళ్లు ఎట్లా అమరి ఉంటాయో చూపించే మోడల్ ఎట్లా చెయ్యాలని నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు డిగ్రీ విద్యార్థులు, సైన్స్ ఫెయిర్‌కు పిల్లల్ని తయారుచేసే టీచర్లు అడుగుతూనే ఉన్నారు. ఇప్పటిదాకా వచ్చిన మోడళ్లలో ఎక్కువ భాగం ఒకే చోట దెబ్బతింటున్నాయి. చేతిపని బాగానే ఉంటుంది, కొలతే ఉండదు. ఛానళ్లను బెంచీల మీద పిల్లల్ని కూర్చోబెట్టినట్టు వరుసగా అతికిస్తారు. అసలు కణంలో అవి అట్లా ఉండవు.

ఈ మార్గదర్శి ప్రకారం చేస్తే రెండు రోజుల పని. ఫెవికాల్ ఆరడానికి ఒక రాత్రి వదలాలి కాబట్టి ఒక్క రోజులో ముగించాలని చూడకండి.

1. ముందు స్కేలు ఖాయం చేసుకోండి

1 నానోమీటరు = 1 మిల్లీమీటరు. అంటే అసలుకు పది లక్షల రెట్లు. వేరే స్కేలు పెట్టుకుంటే ప్రతి కొలతకూ లెక్క వెయ్యాలి, ఎక్కడో ఒకచోట తప్పుతుంది. ఈ స్కేలులో పుస్తకంలోని నానోమీటరు అంకెనే మిల్లీమీటరుగా చదువుకోవచ్చు.

- రయనోడిన్ రిసెప్టర్ (కాల్షియం వదిలే ఛానల్ ఇదే, గుండెలో ఉండేది రెండో రకం) తల: పక్కకు 27 మి.మీ. ఉన్న చదరం, ఎత్తు 12 మి.మీ.
- దాని కాడ, అంటే పొరలోకి దిగే భాగం: సుమారు 12 మి.మీ. వెడల్పు
- టి-ట్యూబ్యూల్ వ్యాసం: 180 నుంచి 300 మి.మీ. (ఎలుక గుండెలో ఈ మాత్రం, మనిషి గుండెలో ఇంకా వెడల్పు)
- టి-ట్యూబ్యూల్‌కూ ఎస్‌ఆర్ పొరకూ మధ్య సందు: 12 నుంచి 15 మి.మీ.
- పొర మందం: 7–8 మి.మీ.
- సందును ఆనుకున్న ఎస్‌ఆర్ సంచి లోపలి మందం: సుమారు 30 మి.మీ.
- ఒక సార్కోమియర్ (కండరంలో వరుసగా ఉండే ముడుచుకునే భాగాల్లో ఒకటి, దాని రెండు చివరల హద్దులే జెడ్ గీతలు) పొడవు: 2 మీటర్లు
- మొత్తం కణం: సుమారు 120 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు

ఎస్‌ఆర్ అంటే సార్కోప్లాస్మిక్ రెటిక్యులం, కణం లోపలి కాల్షియం గోదాం. టి-ట్యూబ్యూల్ అంటే కణం పైపొరే గొట్టంలాగా లోపలికి దిగిన భాగం. దాని లోపల ఉండేది కణం బయటి ద్రవం. ఈ ఒక్క ముక్క గుర్తుంటే రంగులు వేసేటప్పుడు తప్పు పోదు.

కాల్షియం అయాన్ ఈ స్కేలులో 0.2 మి.మీ. మెత్తగా జల్లించిన ముగ్గులో ఒక్క రేణువు అనుకోండి. గసగసాలు, ఆవాలు వాడితే అయాన్ చాలా పెద్దదైపోతుంది.

2. సామాను

- 180 మి.మీ. బయటి వ్యాసం ఉన్న బోరు కేసింగ్ పైపు ముక్క, 35 సెం.మీ. పొడవు. మన దిక్కు బోరు వేయించిన ఇంటి వెనక వెతికితే మిగులు ముక్క దొరుకుతుంది, కొత్త పైపు కొననక్కర్లేదు.
- ఐదు పొరల అట్టపెట్టె అట్ట: 25 × 30 సెం.మీ. ఒకటి, 34 × 30 సెం.మీ. ఒకటి. 7 మి.మీ.కి దగ్గరగా ఉందో లేదో స్కేలు పెట్టి చూడండి.
- అర అంగుళం థర్మోకోల్ షీటు ఒకటి
- 24 ఛానళ్ల కాడలకు జొన్న దంటు చీల్చి తీసిన బెండు. వేలెడు లావు దంటు అయితే 12 మి.మీ. బెండు వస్తుంది.
- 10 మి.మీ. పూసలు 5
- కాలిపోయిన అగరుబత్తుల పుల్లలు
- నూలు పోగులు. పోచంపల్లిలోనో నారాయణపేటలోనో మగ్గం దగ్గర మిగిలే తెగిన పోగులు చాలు.
- ఫెవికాల్, ఎం-సీల్, పోస్టర్ రంగులు, గుండుసూదులు, రెండు అంగుళాల వెడల్పు గుడ్డ పట్టీ
- 15 మి.మీ. మందం చెక్క ముక్కలు 4
- గ్రాఫ్ కాగితం, పదునైన బ్లేడు, సన్న గరుకు కాగితం
- సున్నం లేదా ముగ్గు (మైదానంలో గీతలకు)

స్ప్రే పెయింటు, సైకిల్ పంక్చరు సొల్యూషన్, ఫెవిక్విక్ లాంటివి థర్మోకోల్ దగ్గరికి రానీయకండి. థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది.

3. పైపు సిద్ధం చెయ్యడం

కోసిన అంచులు గరుకు కాగితంతో రుద్దండి. పైపు బయటి ముఖం మీద 25 × 30 సెం.మీ. గడి పెన్సిలుతో గీయండి. 25 సెం.మీ. పైపు చుట్టూ తిరిగే వైపు, 30 సెం.మీ. పొడవు వైపు. పైపు గోడనే పొర అనుకోవాలి. చాలా కేసింగ్ పైపుల గోడ మందం పొర కొలతకు దగ్గరగానే ఉంటుంది.

పైపు లోపలి వైపుకు నీలం రంగు వెయ్యండి, అది కణం బయటి ద్రవం. బయటి వైపుకు పసుపు, అది కణరసం. పీవీసీ నున్నగా ఉంటే రంగు జారుతుంది. గరుకు కాగితంతో ఒకసారి రుద్ది వేస్తే పట్టుకుంటుంది.

4. ఎస్‌ఆర్ పొర వంచడం

చిన్న అట్టే ఛానళ్లు కూర్చునే పొర. అట్ట లోపలి ముడతల గీతలు పైపు పొడవు వెంట పోయేట్టు పెట్టుకుని వంచండి. అడ్డంగా పెడితే అట్ట వంగదు, మడత పడి విరుగుతుంది. ఎక్కువ మంది అట్ట పాడుచేసుకునేది ఇక్కడే. వంచే ముందు తడిగుడ్డతో ఒక వైపు తుడిచి, పైపు చుట్టూ కట్టి, గంటసేపు నీడలో వదిలితే ఆకారం నిలబడుతుంది. ఎండాకాలం ఎండలో పెడితే ఒక అంచు ముందు ఆరి మెలి తిరుగుతుంది.

ఇట్లా వంచిన అట్ట పైపు చుట్టులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ కప్పుతుంది. మొత్తం చుట్టెయ్యకండి. అసలు కణంలో కూడా ఎస్‌ఆర్ సంచి ట్యూబ్యూల్‌ను ఒక పక్క నుంచి ఆనుకుని ఉంటుంది, తొడుగులాగా కప్పెయ్యదు.

నాలుగు మూలల్లో 15 మి.మీ. చెక్క ముక్కలు పెట్టి సందు నిలబెట్టండి. వాటికి బూడిద రంగు వేసి, ఇవి కణంలో లేవని చీటీ పెట్టండి. లేకపోతే చూసేవాళ్లలో సగం మంది వాటి పేరే అడుగుతారు.

పొడవు వైపు ఒక అంచును గుడ్డ పట్టీతో పైపుకు అతికించండి, తలుపు కీలులాగా. ఛానళ్లన్నీ సందు లోపల దాక్కుంటాయి కాబట్టి ఈ తలుపు తెరిస్తేనే కనిపిస్తాయి. పైపుకు గుడ్డ అంటడానికి ఫెవికాల్ సరిపోదు, ఆ వైపు ఎం-సీల్ పెట్టాలి.

5. ఛానళ్లు చెయ్యడం

థర్మోకోల్‌ను 27 మి.మీ. చదరాలుగా 30 ముక్కలు కొయ్యండి. కావలసినవి 24, మిగతావి చెడిపోతే మార్చడానికి. బ్లేడు ఒకే విసురులో లాగాలి. రంపంలాగా ముందుకూ వెనక్కూ లాగితే అంచులు రాలిపోతాయి.

ప్రతి చదరాన్నీ పైన ప్లస్ గుర్తులాగా గీత గీసి నాలుగు భాగాలుగా చూపండి. ఈ ఛానల్ ఒకే రకం ఉపభాగాలు నాలుగు కలిసి ఏర్పడింది. ఒక్కో ఉపభాగంలో 4,967 అమైనో ఆమ్లాలు. నాలుగు కలిపితే బరువు 20 లక్షల డాల్టన్లు దాటుతుంది. మనకు తెలిసిన అయాన్ ఛానళ్లలో ఇంత పెద్ద కుటుంబం ఇంకోటి లేదు. మధ్యలో గుండుసూదితో సన్న రంధ్రం వెయ్యండి, కాల్షియం పోయే దారి అదే.

జొన్న బెండును 10 మి.మీ. ముక్కలుగా కోసి కింద కాడగా అతికించండి. చూస్తే పొట్టి కాడ ఉన్న పుట్టగొడుగులాగా ఉండాలి. తల సందు వైపు, కాడ ఎస్‌ఆర్ పొరలోకి. తల ట్యూబ్యూల్ పొరలో ఉండదు, దాన్ని అతుక్కుని కూడా ఉండదు.

15 మి.మీ. సందులో 12 మి.మీ. తల అంటే మిగిలే ఖాళీ 3 మి.మీ. మాత్రమే. పుస్తకాల బొమ్మల్లో సందును చెరువంత వెడల్పుగా వేస్తారు. నిజానికి ఛానల్ తలే ఆ సందును దాదాపు నింపేస్తుంది.

6. అమరిక: అసలు పని ఇదే

గ్రాఫ్ కాగితం మీద 25 × 30 సెం.మీ. గడి గీసి ముందు అక్కడ ప్లాను వేసుకోండి. నేరుగా అట్ట మీద మొదలుపెడితే చెయ్యి తెలియకుండానే వరుసలు కట్టేస్తుంది.

ఈ గడిని అంచు నుంచి అంచు దాకా 30 మి.మీ. ఎడంతో నింపితే 80 ఛానళ్లు పడతాయి. పాత అంచనాలు అట్లాగే వేశారు, ఒక్కో చోట వంద, అంతకు పైన కూడా ఉంటాయన్నారు. 2009 తర్వాత సూపర్ రిజల్యూషన్ మైక్రోస్కోపుతో (మామూలు లైట్ మైక్రోస్కోపు విడదీయలేని వివరాన్ని చూపేది) చూస్తే తేలింది వేరు. ఎక్కువ గుంపుల్లో పది, ఇరవై లోపే. ఒకటి రెండు ఛానళ్లున్న గుంపులూ బోలెడు. పెద్ద గుంపులు ఉన్నాయి కానీ కొన్నే. పక్కపక్క ఛానళ్ల మధ్యబిందువుల దూరం సగటున 40 నానోమీటర్ల దగ్గర తేలింది, అంటే ఒకదాన్నొకటి ఒత్తుకుని లేవు.

24 ఛానళ్లను ఇట్లా పంచండి:

- పెద్ద గుంపు: 13
- నడిమి గుంపు: 7
- చిన్న గుంపు: 3
- ఒంటరిది: 1

పెద్ద గుంపులో మూడు రకాల పొందిక చూపాలి. నాలుగింటిని పక్కకు పక్క ఆనించి పెట్టండి, మధ్యబిందువుల దూరం 28–30 మి.మీ. ఐదింటిని చదరంగం బల్ల మీద నల్ల గళ్లలాగా మూలలు తగిలేట్టు పెట్టండి, దూరం 38 మి.మీ. వరకు. మిగతా నాలుగు దేనికీ తగలకుండా 40–50 మి.మీ. దూరంలో, కొంచెం తిరిగి ఉండేట్టు. ఎలక్ట్రాన్ టోమోగ్రఫీలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పలు కోణాల్లో తీసిన చిత్రాల నుంచి త్రీడీ రూపం కట్టే పద్ధతి) ఈ మూడు రకాలూ ఒకే గుంపులో కనిపించాయి. కణంలో పరిస్థితి మారితే, ఉదాహరణకు ఛానల్ మీద ఫాస్ఫేటు చేరితే, ఈ పొందిక కూడా మారుతుంది. అందుకే అట్టలో కాడ పట్టే రంధ్రాలు కోసి కాడల్ని దింపండి, ఫెవికాల్‌తో అతికించకండి, గుండుసూదితో గుచ్చండి. రేపు జరపాల్సి ఉంటుంది.

గుంపుకూ గుంపుకూ మధ్య 50 నుంచి 80 మి.మీ. ఖాళీ వదలండి. 100–150 నానోమీటర్ల లోపు ఉన్న గుంపులు ఒకదాని కాల్షియం ఇంకోదానికి తగిలి కలిసి పనిచేస్తాయని లెక్క. కాబట్టి మీ నాలుగు గుంపులూ ఒకే విడుదల కేంద్రం.

ప్లాను సరిగ్గా వచ్చిందా అని చూసేందుకు ఒక చిన్న పరీక్ష. గ్రాఫ్ కాగితాన్ని దూరంగా పట్టుకుని కళ్లు చిట్లించి చూడండి. గళ్ల చీరలాగా కనిపిస్తే తప్పు. కల్లంలో అక్కడక్కడా మిగిలిన గింజలలాగా కనిపిస్తే సరే.

7. ఎదుటి వైపు: ఎల్-టైప్ ఛానళ్లు

ఎల్-టైప్ ఛానళ్లంటే ట్యూబ్యూల్ పొరలో ఉండి బయటి కాల్షియాన్ని లోపలికి వదిలేవి. పైపు మీద గీసిన గడిలో వాటికి గుర్తుగా 5 పూసలు ఎం-సీల్‌తో అతికించండి. గుండెలో నాలుగు నుంచి పది రయనోడిన్ రిసెప్టర్లకు ఒక ఎల్-టైప్ ఛానల్ చొప్పున ఉంటుంది. పెద్ద గుంపు ఎదురుగా మూడు, నడిమి దానికి ఎదురుగా ఒకటి, ఖాళీకి ఎదురుగా ఒకటి పెట్టండి. ఛానల్ తలకు గురిచూసి పెట్టొద్దు.

ఇంటర్ పుస్తకంలోని బొమ్మ ఇక్కడే దారి తప్పిస్తుంది. అది కాళ్లూ చేతుల కండరం బొమ్మ. అక్కడ ట్యూబ్యూల్ వైపు ఛానళ్లు నాలుగేసి కలిసి, ఒకటి విడిచి ఒక రిసెప్టర్‌కు ఎదురుగా కూర్చుని, దాన్ని తాకి తెరిపిస్తాయి. గుండెలో తాకడం లేదు. ఎల్-టైప్ ఛానల్ తెరుచుకుని కాస్త కాల్షియం సందులోకి వస్తే, ఆ కాల్షియమే రిసెప్టర్‌ను తెరిపిస్తుంది. ఇంకో తేడా కూడా ఉంది. ఆ కండరంలో ట్యూబ్యూల్‌కు రెండు పక్కలా ఎస్‌ఆర్ సంచులుండే ట్రయాడ్, అదీ ఏ పట్టీ, ఐ పట్టీ (సార్కోమియర్‌లో కనిపించే ముదురు, లేత పట్టీలు) కలిసే చోట. గుండెలో ఎక్కువగా ఒకే పక్క సంచి ఉండే డయాడ్, అదీ జెడ్ గీత దగ్గర. పరిశీలకులు మొదట అడిగేది ఇదే.

8. కట్టిపట్టే భాగాలు, గోదాం

అగరుబత్తి పుల్లల్ని 15 మి.మీ. ముక్కలుగా కోసి, గుంపుల మధ్యా అంచుల్లోనూ పది దాకా గుచ్చండి. ఇవి జంక్టోఫిలిన్-2. రెండు పొరల్నీ ఈ దూరంలో పట్టి ఉంచేది ఇదే. పుల్ల అట్టలోనే గుచ్చాలి, పైపుకు అంటించొద్దు, తలుపు తెరుచుకోదు.

పెద్ద అట్టను కూడా వంచి, చిన్న అట్ట వెనక 30 మి.మీ. దూరంలో నిలబెట్టండి. నడుమ ఖాళీకి గులాబీ రంగు. అందులో నూలు పోగులు చిక్కుబడ్డట్టు పరచండి, ఇది కాల్సీక్వెస్ట్రిన్, కాల్షియాన్ని పట్టి ఉంచే ప్రోటీన్. కొన్ని పోగుల్ని కాడలకు కట్టండి, ట్రయాడిన్, జంక్టిన్ అనే రెండు ప్రోటీన్లు చేసే పని అదే. ఒక పక్క తెరిచే ఉంచండి, లోపలికి కనిపించాలి.

కాల్షియాన్ని గోదాంలోకి తిరిగి తోడే పంపులు (సెర్కా) ఈ సందు వైపు పొర మీద పెట్టకండి. అవి ఎస్‌ఆర్‌లో సందుకు అవతల, సార్కోమియర్ పొడవునా అల్లుకున్న వలలో ఉంటాయి.

9. తలుపు మూసే ముందు

- ఒక కాగితం పట్టీని తలలకూ పైపుకూ మధ్య జరపండి. ఎక్కడా ఆగకూడదు.
- ఆగితే ఆ తల పైభాగాన్ని గరుకు కాగితంతో ఒక మిల్లీమీటరు రుద్దండి. అర అంగుళం షీటు 12.7 మి.మీ. ఉంటుంది, అందుకే ఈ తంటా.
- సందు 12 మి.మీ. పెట్టుకున్నవాళ్లకు తలలు పైపుకు ఒరుసుకుంటాయి. 15కి మార్చండి.
- తలలన్నీ పసుపు, కాడల కింది భాగం గులాబీ వైపు ఉందా?
- వరుసలు కట్టిన చోటు ఏదైనా ఉందా?
- పూసలు అయిదేనా? ఖాళీగా కనిపిస్తోందని ఇంకో పది అతికిస్తారు చాలామంది.

10. మైదానంలో చోటు చూపడం

మోడల్ ఒక్కటీ బల్ల మీద పెడితే కణంలో దాని చోటు తెలియదు. కబడ్డీ కోర్టు ఉంటే సరిపోతుంది, 13 × 10 మీటర్లు. పొడవు వైపు ప్రతి 2 మీటర్లకు అడ్డంగా ఒక సున్నం గీత, అది జెడ్ గీత. ప్రతి గీత మీద 70–80 సెం.మీ.కు ఒక గులకరాయి. ఒక్కో రాయి ఒక విడుదల కేంద్రం. ఏదో ఒక రాయి చోట మీ మోడల్ పెట్టండి.

కణం పొడవు ఇలాంటి కోర్టులు తొమ్మిదికి పైన, వెడల్పు రెండున్నర. పైకీ కిందికీ మందం వేరే. మొత్తం కణంలో ఇలాంటి కేంద్రాలు పదివేలకు పైనే.

గీత మీద రాళ్లు దగ్గర, గీతకూ గీతకూ దూరం. ఒక కేంద్రం తనంతట తానే కాల్షియం వదిలినా పక్క గీత దాకా మంట అంటుకోకుండా ఈ ఎడం కాపాడుతుంది. గోదాం మరీ నిండిపోయినప్పుడే అది దాటి అలలాగా పాకుతుంది.

ఇప్పుడు మోడల్ చుట్టూ 2 మీటర్ల వ్యాసంతో ముగ్గు వలయం గీయండి. కాల్షియం స్పార్క్ అని 1993లో మొదట వర్ణించిన వెలుగు చుక్క అంత వెడల్పు. పుట్టేది ఈ జానెడు చోటు నుంచి, కనిపించేది అంత.

మామూలు లైట్ మైక్రోస్కోపు 250 నానోమీటర్ల కన్నా చిన్న వివరాన్ని విడదీయలేదు. తలుపు తెరిచి, ఛానళ్ల మీద అన్నం తినే కంచం ఒకటి బోర్లించండి. కంచం కింద ఏముందో ఆ మైక్రోస్కోపుకు ఒకే మచ్చ. అమరిక ఇంత ఆలస్యంగా తెలియడానికి కారణం పిల్లలకు ఆ కంచంతో వెంటనే తెలుస్తుంది.

11. ముగ్గు రేణువుల లెక్క

సందు 300 × 250 × 15 నానోమీటర్లు. విశ్రాంతిలో కణరసంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం లీటరుకు 100 నానోమోల్. గుణిస్తే ఈ సందులో వచ్చేది 0.07 అయాన్. అంటే ఇలాంటి సందులు పదిహేను గాలిస్తే ఒక్క రేణువు దొరుకుతుంది. కాబట్టి విశ్రాంతి చూపేటప్పుడు సందులో ముగ్గు చల్లొద్దు, ఖాళీగా వదలండి.

ఒక ఛానల్ తెరుచుకుంటే మిల్లీసెకనుకు వెయ్యి అయాన్ల లెక్కన దూకుతాయి, వెంటనే పక్కలకు పారిపోతాయి. ఏ క్షణాన చూసినా సందులో ఉండేవి కొన్ని పదులే: 100 మైక్రోమోల్ దగ్గర 68. చిటికెడు కాదు, రేణువులు లెక్కపెట్టి నల్లకాగితం మీద వేసి చూపండి. పిడికెడు పోస్తే మోడల్ అంతా కష్టపడి చేసిన కొలత పోయినట్టే.

12. జబ్బు గుండె రూపం

అవే 24 ఛానళ్లు, సూదులు తీసి మళ్లీ గుచ్చండి. ఈసారి ఎనిమిది చిన్న గుంపులు, నడుమ ఖాళీలు ఎక్కువ. గుండె వైఫల్యంలో గుంపులు ఇట్లా చెదురుతాయని జంతువుల గుండెల్లో చూశారు. ఛానళ్ల సంఖ్య తగ్గకపోయినా ఒకటి తెరుచుకుంటే పక్కది వెంటనే తెరుచుకోదు, స్పార్క్ మెల్లగా లేస్తుంది, కంటికి కనిపించని కారుడు పెరుగుతుంది. ట్యూబ్యూల్ కూడా కొన్ని చోట్ల మాయమవుతుంది. అది చూపాలంటే పైపును పక్కకు జరిపి, ఎదురు లేకుండా మిగిలిన ఛానళ్లను చూపండి.

13. తీసుకెళ్లడం

తలుపు మూసి సందులో పాత చీర గుడ్డ ముక్క దూర్చండి, తలలు ఊగవు. చుట్టూ రెండు రబ్బరు బ్యాండ్లు. ఆర్టీసీ బస్సులో పైపును నిలబెట్టి ఒళ్లో పెట్టుకోవాలి, పడుకోబెడితే వెనక అట్ట అణిగి 30 మి.మీ. ఖాళీ పోతుంది. మిగిలిన ఆరు ఛానళ్లు, పది గుండుసూదులు, కాగితం పట్టీ ఒక డబ్బాలో వేరే పెట్టుకోండి. దిగాక ముందు కాగితం పట్టీ జరిపి చూసి, ఆ తర్వాతే బల్ల మీద పెట్టండి.